గుర్తింపు దక్కని పీజీ వైద్యం

ఆయుర్వేదం, హోమియో, యునానీలకి ప్రభుత్వ గుర్తింపు ఉంది. బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మన తెలుగు కుర్రాళ్ళ పేయింగ్ గెస్ట్ (పీజీ) గదుల్లో శనివారం రాత్రుళ్ళు సాగే పీజీ వైద్యానికి మాత్రం ఇంకా దక్కలేదు. ఇది ఘోర అన్యాయం. ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: రోగి ఏమైనా ఫర్వాలేదు, ఊళ్ళో తెలియకూడదు.

పార్టీలో ఎండీఎంఏ (ఎక్స్టసీ అనే మత్తుమందు) బిళ్ళ మింగిన కుర్రాణ్ణి గదికి మోసుకొచ్చారనుకుందాం. దవడలు బిగుసుకున్నాయి, కాళ్ళు ఒకచోట నిలవట్లేదు, మాటలకి పొంతన లేదు, ఒళ్ళు పెనంలా కాలుతోంది. సీనియర్ రూమ్మేట్ చెయ్యి తిప్పి నుదుటి మీద ఆనించి, "కొంచెం జ్వరం ఉంది మామా" అని తేల్చేస్తాడు. ఈ విద్య అబ్బని ఆసుపత్రి వాళ్ళు, పాపం, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి లోపలి వేడి కొలుస్తారు. 40 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు, పరుగులు పెడతారు.

జ్వరమన్నాక డోలో 650 పడాల్సిందే. మామూలు జ్వరంలో ఒళ్ళు వేడెక్కాలని మెదడే ఆర్డరేస్తుంది, పారాసెటమాల్ ఆ ఆర్డర్‌ని రద్దు చేస్తుంది. ఇక్కడ అలాంటి ఆర్డరే లేదు. కండరాలు ఆపకుండా వేడి పుట్టిస్తున్నాయి, చర్మంలో రక్తనాళాలు ముడుచుకుపోయి ఆ వేడిని బయటికి పోనివ్వట్లేదు. పాపం బిళ్ళకి చేయడానికి పనేముంది? అయినా కాసేపాగి ఇంకోటి వేస్తారు. డోలో కంపెనీది బెంగళూరే కాబట్టి లోకల్ అభిమానం కావచ్చు.

వణుకుతున్నాడా? రెండు దుప్పట్లు. పెనుగులాడుతున్నాడా? లుంగీతో మంచానికి కట్టెయ్యి. పెనుగులాడే కొద్దీ కండరాలు ఇంకా కాగుతాయన్నది అల్లోపతి వాదం. దాహమంటే బాటిల్ మీద బాటిల్ మంచినీళ్ళు. ఎండీఎంఏ ఎక్కిన ఒంట్లో నీళ్ళు నిలిచిపోయి, రక్తంలో సోడియం పడిపోయి, ఫిట్స్ రావచ్చన్న సంగతి మన సిలబస్‌లో లేదు.

ఆసుపత్రి పద్ధతి మరీ మోటు. ఐసు నీళ్ళ టబ్బులో మనిషిని మెడ దాకా ముంచుతారు. అరగంటలో 39కి దించాలని తాపత్రయం. లొరాజెపామ్ లాంటి మందు నరానికి ఎక్కించి ఆ గింజులాటని ఆపుతారు. అప్పటికీ దిగకపోతే కండరాలు పూర్తిగా కదలకుండా మందిచ్చి వెంటిలేటర్ పెడతారు. అంబులెన్స్ వచ్చేలోగా బట్టలు విప్పి, ఒళ్ళు తడిపి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, మెడకీ చంకల్లోనూ గజ్జల్లోనూ ఐసు పెట్టమంటారు. ఐసా? మన ఫ్రీజర్‌లో అమ్మ పంపిన రొయ్యల వేపుడు డబ్బా, దాని పక్కన ట్రే, ట్రేలో రెండంటే రెండు ముక్కలు. మిగతావి సాయంత్రమే గ్లాసుల్లోకి వెళ్ళిపోయాయి.

ఈలోగా కండరాలు చితికి ఆ చెత్తంతా కిడ్నీలకి అడ్డం పడుతుంటుంది. కానీ తొందరపడి 108కి ఫోన్ చేస్తే ఎలా? పైఫ్లోర్ ఆంటీది గుంటూరే. వాళ్ళ తమ్ముడి ద్వారానే సంబంధం నడుస్తోంది, అమ్మాయి వాళ్ళు వచ్చే నెల ఇల్లు చూడటానికి వస్తున్నారు. అందుకే తెల్లవారుజామున, ఇక తప్పదన్నాక, ఎంతో ముందుచూపుతో ఫోన్ చేస్తారు: "అన్నా, సైరన్ లేకుండా వస్తారా?"

ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగేది ముక్తసరిగా ఉంటుంది. ఏం తీసుకున్నాడు, ఎప్పుడు, ఎంత? ముగ్గురూ మొహమొహాలు చూసుకుంటారు.

"బిర్యానీ తిన్నాడు సార్. పడలేదు."

"డిసెంబర్ చలిలో, బిర్యానీ తిని, 42 డిగ్రీలా?"

"ఆంధ్రా బిర్యానీ కదా సార్. కారం ఎక్కువ."