ముక్కు రుద్దితే పిల్లి నేర్చుకునేది ఒక్కటే, భయం

పిల్లుల గురించి ఒక మెసేజ్ ఈమధ్య తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పిల్లి ఇంట్లో పోస్తే దాని ముక్కు అందులో రుద్ది ఒక్కటివ్వాలట. లిట్టర్ బాక్సును, అంటే పిల్లి పోయడానికి ఇసుకో లిట్టరో నింపి పెట్టే పెట్టెను, రోజూ ఫినాయిల్‌తో కడగాలట. అయినా మంచం మీద పోసిందంటే మన మీద పగబట్టినట్టట. నాటుపిల్లికి ఇదంతా ఎక్కదట, పర్షియన్‌కే వస్తుందట.

ఆ చివరి మాటను ముందు తేల్చేద్దాం. వదులు మట్టిలో గుంట తీసి, పోసి, కప్పెట్టడం పిల్లి జాతికే పుట్టుకతో వచ్చిన గుణం. కొర్లగుంట గోడల మీద తిరిగే పిల్లికీ ఉంటుంది, వేలు పోసి కొన్న పర్షియన్‌కీ ఉంటుంది. నమ్మకపోతే ఇల్లు కట్టేచోట ఇసుక పోయించిన ఏ మేస్త్రీనైనా అడగండి.

ఇక ముక్కు రుద్దడం. ఎప్పుడో పోసినదానికి ఇప్పుడు దెబ్బ పడితే, ఎందుకు పడిందో పిల్లికి అర్థం కాదు. కొట్టింది మీరని మాత్రం గుర్తుంటుంది. ఆ తర్వాత మీ కంటపడకుండా బీరువా వెనక, సోఫా కింద పోస్తుంది. చేయాల్సింది వేరే ఉంది. కూనను కొన్నాళ్లు ఒకే గదిలో ఉంచి, తిన్నాక, నిద్ర లేచాక బాక్సులో దించండి. బాక్సు అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. నాలుగు వారాలు దాటిన కూన చాలామటుకు తనే గీరడం మొదలుపెడుతుంది. తడి తగిలితే గడ్డకట్టే బెంటొనైట్ మట్టి లిట్టర్ మాత్రం రెండు నెలల లోపు కూనలకు వద్దు, నోట్లో పెట్టుకుంటాయి. కడిగి ఎండబెట్టిన ఇసుక చాలు, కాకపోతే తరచూ మార్చాలి.

అన్నిటికన్నా ప్రమాదం ఫినాయిల్ సలహాతోనే. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటింది నాకితే నేరుగా కడుపులోకే. పైగా ఆ ఘాటుకు బాక్సు దగ్గరికే రాదు. వేడినీళ్లు, కొంచెం సబ్బు సరిపోతాయి. టాక్సోప్లాస్మా భయంతో ఫినాయిల్ వాడేవాళ్లూ ఉన్నారు. ఆ క్రిమి పిల్లి మలంలో బయటపడ్డాక మనుషులకు అంటే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి రోజూ తీసి పారేయడమే అసలు రక్షణ. గర్భిణులుంటే ఆ పని ఇంకొకరు చేయాలి.

పగ అన్నది మనుషుల గుణం, పిల్లికి అంటగట్టొద్దు. బాక్సు కంపు కొడుతుండొచ్చు, ఇరుకై ఉండొచ్చు, గడగడలాడే వాషింగ్ మెషిన్ పక్కన పెట్టి ఉండొచ్చు. రెండు పిల్లులకు ఒకే బాక్సు చాలదు, మూడు బాక్సులుంటే మంచిది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, బుద్ధిగా పోసే పిల్లి ఉన్నట్టుండి మానేసిందంటే జబ్బేమో చూడాలి. ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకట్రెండు రోజుల్లో ప్రాణమే పోతుంది. తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మన ఊళ్లోనే వెటర్నరీ కాలేజీ ఉంది.