తెల్ల టోపీ భోజనానికి వెళ్లింది

మా ఆఫీసు అప్రైజల్ ఫారంలో ఈ ఏడాది ఒక పేజీ పెరిగింది. క్రిటికల్ థింకింగ్, స్ట్రాటజిక్ థింకింగ్, డిజైన్ థింకింగ్, సిస్టమ్స్ థింకింగ్, ల్యాటరల్ థింకింగ్ అని వరసగా గడులు, ఒక్కో గడికి అయిదు మార్కులు. ముందు ఏ విశేషణమూ తగిలించుకోని ఉత్త థింకింగ్‌కు మాత్రం గడి లేదు. అచ్చుతప్పేమోనని హెచ్‌ఆర్ విభాగానికి ఫోన్ చేశాను. "అది అందరికీ ఉంటుంది కదా మేడమ్" అన్నది అవతలి అమ్మాయి. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉద్యోగం చేస్తూ కూడా మానవజాతి మీద అంత నమ్మకం నిలబెట్టుకున్నందుకు ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

పాఠకులకు ఒక మనవి. బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్లికీ బెళ్లందూరుకూ మధ్య ఉన్న అద్దాల మేడల్లో, ఇప్పుడెవరూ ఆలోచించడం లేదు. ఐడియేట్ చేస్తారు. బ్రెయిన్‌స్టార్మ్ చేస్తారు. రిఫ్లెక్ట్ అవుతారు. డీప్ డైవ్ కూడా చేస్తారు. (స్థానికులు ఈ చివరి మాట వాడే ముందు కాస్త వెనకాడతారు. 2017లో నీళ్ల మీదే మంటలు లేచిన బెళ్లందూరు చెరువు కిటికీలోంచి కనిపిస్తూ ఉంటుంది మరి.)

మా మేనేజరు గారు మనవారే. ఇంట్లో దోసెల పిండి అయిపోయిందని ఫోనొస్తే "వచ్చేటప్పుడు రెండు ప్యాకెట్లు తెస్తాలే" అని శుభ్రమైన తెలుగులో, ఒక్క ఊపిరిలో తేల్చేస్తారు. సమస్య, పరిష్కారం, పరిమాణం, గడువు అన్నీ అందులోనే వచ్చేశాయి. అదే మనిషి, ఆఫీసు ప్రింటరులో కాగితాలు అయిపోతే, కాగితం పట్ల మన మైండ్‌సెట్ మారాలని గంటసేపు మాట్లాడతారు. కాగితాలు మాత్రం రావు.

ఈ మాటలకు నిఘంటువుల్లో ఉన్న అర్థాలు వేరు, పలికేవారి హోదాను బట్టి ఆఫీసులో ఉండే అర్థాలు వేరు. 'ఐ థింక్' అని డైరెక్టరు అంటే ఆజ్ఞ. మేనేజరు అంటే, డైరెక్టరు ఇందాక అన్నదే తానూ అంటున్నాడని. కొత్తగా చేరిన కుర్రాడు అంటే ముందస్తు క్షమాపణ. 'కన్సిడర్ చేస్తాం' అంటే చెయ్యరు. 'రీథింక్ చేద్దాం' అంటే చేసిందంతా పారేసి మళ్లీ మొదలుపెట్టండి, తప్పు మాత్రం మీ ఖాతాలోనే ఉంటుంది. 'రిఫ్లెక్ట్ అవ్వండి' అంటే చీవాట్లు పూర్తయ్యాయి, ఇక బయటికి నడవండి. అన్నిటికంటే ప్రమాదకరమైనది రాత్రి పదకొండు దాటాక పెద్ద ఫైలును వెంటేసుకుని వచ్చే ఏకపద మెయిలు: 'థాట్స్?' దానికి జవాబుగా ఎవరూ పొరపాటున కూడా తమ ఆలోచన రాయకూడదు. పంపినాయన ఆలోచన ఏమిటో కనిపెట్టి, అది మనకే తట్టినట్టు రాయాలి.

ఒకప్పుడు ఇంత లేదు. 1911లో థామస్ వాట్సన్ అనే అమెరికా వ్యాపారి, చప్పగా సాగుతున్న అమ్మకాల సమావేశంలో విసుగెత్తి, మనమెవరమూ చాలినంత ఆలోచించడం లేదని కసిరి 'థింక్' అన్న ఒక్క మాటను నినాదం చేశాడు. తర్వాత ఐబీఎం ఆయన చేతికి వచ్చాక ఆ మాట గోడలెక్కింది, బల్లల మీదికొచ్చింది, 1992లో ల్యాప్‌టాప్ పేరులో కూడా చేరింది. గమనించండి, దాని ముందు విశేషణం లేదు. ఆ రోజుల్లో ఉత్తదే సరిపోయేది.

ఇంగ్లీషువాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు మాటలు పోగేశారు, పోగేసినవాటిని జాగ్రత్తగా సర్దుకున్నారు. చిన్నప్పటి నుంచీ జాబితాలు రాసే పిచ్చి ఉన్న పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు డెబ్భై దాటాక, 1852లో, తన పర్యాయపదాల కోశం అచ్చువేయించాడు. సమస్త భావాలనూ వెయ్యి శీర్షికలుగా విడగొట్టి నంబర్లు వేశాడు. 451వ నంబరు ఆలోచన. 452వ నంబరు ఆలోచన లేకపోవడం. పక్కపక్క వాటాలు, మధ్యన ఒకటే గోడ. మా కంపెనీ 451 బోర్డు తగిలించుకుని 452లో కాపురం ఉంటోంది.

ఆ 451లో ఉన్న మాటల పుట్టుక చూస్తే ముచ్చటేస్తుంది. పాండర్, డెలిబరేట్ రెండూ లాటిన్‌లో తూకం వేయడం నుంచి వచ్చాయి. స్పెక్యులేట్ కావలి బురుజు మీది నుంచి వచ్చింది. కంటెంప్లేట్‌లో దాగి ఉన్నది పక్షుల శకునం చూడడానికి రోమన్ పురోహితులు గీసుకున్న హద్దు. రూమినేట్ అంటే ఆవు నెమరువేయడం. తూకం వేసేవాడు, కావలివాడు, శకునం చూసేవాడు, ఆవు: నలుగురూ పనిచేసుకుని బతికేవారే. మొన్న మా మేనేజరు గారు ఒక విషయం మీద తాను రూమినేట్ చేస్తున్నట్టు మెయిల్లో రాశారు. ఒకే బాధను వదలకుండా తవ్వుకునే మానసిక లక్షణానికి నిపుణులు ఇప్పుడు ఆ మాట వాడుతున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆవు ముందు మేస్తుంది, ఆ తర్వాతే నెమరువేస్తుంది. మా మీటింగుల్లో మేత అన్న ఘట్టం ఉండదు.

బ్రెయిన్‌స్టార్మ్ చరిత్ర ఇంకా గొప్పది. 1906లో న్యూయార్కులో హ్యారీ థా అనే ధనవంతుడు స్టాన్‌ఫర్డ్ వైట్ అనే ఆర్కిటెక్టును అందరూ చూస్తుండగా కాల్చి చంపాడు. మరుసటి ఏడు కోర్టులో ముద్దాయి తరఫు వైద్యుడు, ఆ క్షణంలో ఇతనికి బ్రెయిన్ స్టార్మ్ వచ్చింది, అంటే మతి చలించింది, అని సాక్ష్యం చెప్పాడు. హత్య కేసులో పిచ్చికి పెట్టిన పేరునే, కొన్ని దశాబ్దాల తర్వాత అలెక్స్ ఆస్‌బోర్న్ అనే ప్రకటనల కంపెనీ పెద్దమనిషి, పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఉపాయాలు చెప్పించే పద్ధతికి తగిలించి ప్రచారం చేశాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షించి చూశారు. కలిసి కూర్చున్న నలుగురికంటే, విడివిడిగా కూర్చున్న నలుగురి ఉపాయాలు కలిపితే దాదాపు రెట్టింపు తేలాయి. ఆ కబురు అక్కడ బయల్దేరి అరవై ఏళ్లు దాటింది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుపోయినట్టుంది, మా ఆఫీసుకు ఇంకా చేరలేదు.

ఇక టోపీలు. మాల్టా దేశపు వైద్యుడు ఎడ్వర్డ్ డి బోనో 1985లో ఆరు టోపీల పద్ధతి ప్రకటించాడు. తెల్ల టోపీలో వాస్తవాలు మాత్రమే మాట్లాడాలి. ఎరుపులో మనోభావాలు, వాటికి కారణం చెప్పనక్కర్లేదు. నలుపు జాగ్రత్తలకు, పసుపు లాభాలకు, ఆకుపచ్చ కొత్త ఉపాయాలకు, నీలం చర్చ నడిపించే పెత్తనానికి. అందరూ ఒక్కొక్క సమయంలో ఒక్కొక్క రంగులో ఉంటే వాదులాట తగ్గుతుందని ఆయన ఉద్దేశం. అవి మనసులో పెట్టుకోవలసిన టోపీలు. మాకు వచ్చిన ట్రైనరు గుడ్డతో కుట్టించి తెచ్చాడు, రంగుకు ఒకటి చొప్పున. ఉద్యోగులకు టోపీ పెట్టడం కంపెనీలకు కొత్త కాదు కానీ, ఇంత బాహాటంగా, రంగులవారీగా పెట్టడం నేనెక్కడా చూడలేదు.

చర్చించవలసిన సమస్య: సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా సాఫ్ట్‌వేర్‌లోకి ఖాతాదారులు లాగిన్ కాలేకపోతున్నారు, ఎందుకు? నీలం టోపీని మేనేజరు గారు ఎవరూ ఇవ్వకముందే పెట్టుకున్నారు. ఎర్ర టోపీ టెస్టింగ్ విభాగంలో ఒకాయన నెత్తికి వచ్చింది. మనోభావాలు చెప్పమన్నారు కదా అని ఆయన, రాత్రి పూట క్యాబు రాకపోవడం గురించి, క్యాంటీన్ సాంబారు గురించి, చెల్లెలి పెళ్లికి దొరకని సెలవు గురించి గొంతు పూడుకుపోతుండగా చెప్పాడు. ట్రైనరు గబగబా వచ్చి ఎర్రది తీసేసి పసుపుది పెట్టి, "ఇప్పుడు చెప్పండి" అన్నాడు. సాంబారు వేడిగానే ఉంటోందని చెప్పి ఆయన కూర్చున్నాడు. ఆకుపచ్చ టోపీలో మార్కెటింగ్ ఆయన లేచి, లాగిన్ కాకపోవడాన్నే ఒక సౌకర్యంగా అమ్ముదామన్నాడు: వారం మొదట్లో ఖాతాదారులకు మా కంపెనీ ప్రసాదించే విశ్రాంతి. హాలు దద్దరిల్లింది.

అప్పుడు మా టీములో ఉన్న అనంతపురం జిల్లా కుర్రాడు చెయ్యెత్తాడు. పదో తరగతి దాకా ప్రభుత్వ పాఠశాల, తెలుగు మీడియం. "సార్, కారణం నాకు తెలుసు" అన్నాడు. అది వాస్తవమా, అభిప్రాయమా అని ట్రైనరు అడిగాడు. వాస్తవమే సార్ అన్నాడు. అయితే తెల్ల టోపీ పెట్టుకుని చెప్పాలి. తెల్ల టోపీ ఎక్కడ? ఫైనాన్స్ విభాగం ఆయన నెత్తి మీద. ఆయన ఎక్కడ? భోజనానికి వెళ్లాడు, టోపీతో సహా.

టోపీ లేదు, కాబట్టి వాస్తవం చెప్పడానికి వీల్లేదు. కుర్రాడు నిలబడే ఉన్నాడు. నీలం టోపీ వెళ్లి ట్రైనరు చెవిలో గుసగుసలాడింది. తెల్ల చేతిరుమాలు కప్పుకుంటే సరిపోదా అని ఎవరో అడిగారు. రుమాలుకు నీలి గళ్లున్నాయి, పెత్తనం కలుస్తుంది, కుదరదన్నారు. ఎర్ర టోపీ పెట్టుకుని, కారణం తెలుసునన్న భావన కలుగుతోందని చెప్పవచ్చు కదా అన్నాను నేను. చెప్పవచ్చునట. కానీ ఎర్ర టోపీలో కారణాలు చెప్పకూడదు. అంటే తెలుసు అనవచ్చు, ఏమిటో అనకూడదు. "అక్కా, ఒక్క లైను మార్చాలి, అంతే" అని కుర్రాడు నా వైపు వంగి అన్నాడు. క్యాంటీనుకు మనిషిని పరుగెత్తించారు. టోపీ ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దని పొద్దున చెప్పింది మీరే కదా అంటూ ఫైనాన్స్ ఆయన పెరుగన్నం ముగించి వచ్చేసరికి, పట్టిక ప్రకారం వాస్తవాల సమయం అయిపోయింది. ఉపాయాలను పసుపు చీటీల మీద రాసి ఓట్లేసే ఘట్టం మొదలైంది. కుర్రాడు కూడా చీటీ రాసి గోడకు అంటించాడు: డేటాబేసుకు ఒకేసారి ఇన్ని కనెక్షన్లే ఉండాలన్న పరిమితి టెస్టింగ్ రోజుల్లో పెట్టిన అంకె దగ్గరే ఉండిపోయింది, సోమవారం పొద్దున అందరూ ఒక్కసారే వస్తారు కాబట్టి చాలడం లేదు. దానికి ఒక్క ఓటూ పడలేదు. సోమవారం విశ్రాంతి పథకం భారీ ఆధిక్యంతో గెలిచింది.

ఆ రాత్రే కుర్రాడు అనుమతి తీసుకుని అంకె మార్చాడు. తర్వాతి సోమవారం నుంచి అందరూ లాగిన్ అవుతున్నారు. వర్క్‌షాపు ఘనవిజయం సాధించిందని డైరెక్టరు గారు అభినందన మెయిలు పంపారు. అందులో కుర్రాడి పేరు లేదు. టోపీల ఫొటో ఉంది.

అప్రైజల్‌లో అతనికి నేను అన్ని గడుల్లోనూ అయిదేసి వేశాను. పై కమిటీ కూర్చుని స్ట్రాటజిక్ థింకింగ్ రెండు, క్రిటికల్ థింకింగ్ రెండు చేసింది. రాసిన కారణం: అడిగిన ప్రశ్నకు జవాబివ్వడానికి సమయం తీసుకుంటాడు.

సమయం తీసుకుంటాడు! అయ్యా, వినగానే నోరు తెరిచేవాడు ఆలోచించినట్టు, ఒక్క నిమిషం ఆగినవాడు ఆలోచించనట్టు అని మీకు నేర్పిన గాడిద ఎవడు? ఆ కుర్రాడు ప్రశ్నను ఇంగ్లీషులో వింటాడు. తెలుగులో విప్పుకుంటాడు. అటూ ఇటూ తిప్పి చూస్తాడు. జవాబు దొరికాక దాన్ని మళ్లీ ఇంగ్లీషులో పేర్చుకుని, క్రియ సరైన చోట పడిందో లేదో చూసుకుని, అప్పుడు నోరు విప్పుతాడు. ఆ నిమిషంలో మీ హాలు మొత్తం మీద పనిచేస్తున్న తల అదొక్కటే. దానికి రెండు మార్కులా? వాళ్ల నాన్న వేరుశనగ రైతు. వాన పడుతుందో పడదో తెలియని నేలలో, అప్పు తెచ్చిన విత్తనం చేతిలో పట్టుకుని, ఈ రోజు వేయాలా రేపు వేయాలా అని ఏటా ఆలోచించే మనిషి. తప్పితే ఆయన ఇల్లు మునుగుతుంది. తప్పితే మీకేమవుతుంది? ఇంకో వర్క్‌షాపు అవుతుంది. ఆ కొడుకును పట్టుకుని ఆలోచన తక్కువ అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? మీరు మార్కులు వేసింది అతని చిన్నప్పుడు కాన్వెంటుకు కట్టలేకపోయిన ఫీజుకు. కాస్త సిగ్గుపడండి.

ఇంకా ఒళ్లు మండించే సంగతి ఉంది. కంపెనీ ఈమధ్య ఒక చాట్‌బాట్ తెచ్చుకుంది. ఏదైనా అడగగానే తెర మీద చుక్కలు తిరుగుతూ, తాను ఆలోచిస్తున్నానని ప్రకటిస్తుంది. అదే కమిటీ పెద్దలు ఆ చుక్కల ముందు చేతులు కట్టుకుని కూర్చుని, తొందరపడకుండా ఎంత లోతుగా వెళ్తోందో చూడండని మురిసిపోతారు. యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్న చర్చించదగినంత అర్థం ఉన్నది కాదని అలన్ ట్యూరింగ్ 1950లోనే రాసి, దాని బదులు వేరే పరీక్ష ఒకటి ప్రతిపాదించాడు. మా కమిటీకి ఏ పరీక్షా అక్కర్లేదు. యంత్రం ఆగితే లోతు, అనంతపురం కుర్రాడు ఆగితే ఆత్మవిశ్వాస లోపం. యంత్రానికి నెలనెలా చందా కడుతున్నారు. కుర్రాడికి ఇంక్రిమెంటు ఆపారు.

నా అభ్యంతరాన్ని ఫారం అడుగున ఉన్న వ్యాఖ్యల గడిలో రాశాను. ఇంగ్లీషులో రాస్తే ఎక్కడ కన్సిడర్ చేస్తారోనని భయపడి, పైన మీరు చదివిన తిట్లతో సహా తెలుగులోనే రాశాను. మర్నాడు మేనేజరు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏమిటండీ ఇది, పేజీన్నర నిండా ప్రశ్నార్థకాలే పెట్టారు?"

"మన సిస్టమ్‌కు తెలుగు అక్షరాలు తెలియవు సార్. తెలియనివాటికి అది ప్రశ్నార్థకం వేస్తుంది."

"మరి కమిటీకి ఏమని పంపను?"

"అలాగే పంపించండి" అన్నాను.