ఏశావు తప్పేముంది?

మా ఊళ్ళో గుడికీ పాస్టరు ఇంటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. దానికి పైన ఓ వెంటిలేటరు. నా ప్రసంగం వంటింట్లోకి, వంటింటి తాలింపు గుడిలోకి ధారాళంగా వెళ్ళొస్తుంటాయి. మైకు ఆపామో లేదో చూసుకున్నాకే నేనూ మా ఆవిడా పోట్లాటకు దిగుతాం. 1842లో అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ మాది. ఆ దొరల కాలపు కాంపౌండుల్లో గుడి ఒక మూల, బంగళా ఇంకో మూల. అలా ఎందుకు కట్టుకున్నారో నాకు మొన్న శుక్రవారం అర్థమైంది.

ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలం, పైగా ఉపవాస ప్రార్థన. సరిగ్గా ఆ పొద్దున్నే మా బావమరిది పెళ్ళాంపిల్లలతో హైదరాబాదు నుంచి దిగాడు. వస్తూ వస్తూ మటన్ పట్టుకొచ్చాడు.

"ఇవాళ ఉపవాసంరా" అంది మా ఆవిడ.

"మీకు కదక్కా ఉపవాసం, పిల్లలకేంటి?" అన్నాడు. పాయింటే. అమ్మగారి హోదాలో ఆవిడ ముందు వరసలో కూర్చోవాలి కాబట్టి, వంట తనే చూసుకుంటానన్నాడు.

ఆరోజు నా వాక్యం బైబిల్లో ఆదికాండం 25వ అధ్యాయం. ఏశావు అలసిపోయి వచ్చి, ఒక్క పూట చిక్కుడుకాయల వంటకం కోసం పెద్దకొడుకు హక్కైన జ్యేష్ఠత్వాన్ని తమ్ముడు యాకోబుకి అమ్ముకున్న సంగతి. "కడుపు కోసం ఆశీర్వాదాన్ని వదులుకుంటామా?" అని గొంతు పెంచానో లేదో, గోడవతల కుక్కర్ విజిల్ వేసింది. వెనకాలే అల్లం వెల్లుల్లి. ఆ వెనక లవంగాలు, ధనియాలు. ముందు వరసలో ముసలమ్మ కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి, "స్తోత్రం" అంది. అది నా వాక్యానికి కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆడవాళ్ళ పెదాలు కదులుతుంటే ప్రార్థన అనుకున్నాను. విజిళ్ళు లెక్కపెడుతున్నారు. మా ఆవిడ కొంగులోంచి ముఖం ఎత్తితే ఒట్టు.

ఏశావుని ఇంకా గట్టిగా తిట్టాను. తిట్టేకొద్దీ జనానికి వాడి మీద జాలి పెరిగిపోతోంది.

ఇంతలో పక్క తలుపు తోసుకుని మా మేనల్లుడు వచ్చాడు. రెండు చేతులతో చిన్న గిన్నె, అందులో పొగలు కక్కుతూ ఒకే ఒక్క ముక్క. సరాసరి మైకు కిందికొచ్చి నిలబడ్డాడు.

"మామయ్యా, ముక్క ఉడికిందో లేదో చూసి చెప్పమన్నాడు నాన్న!"

గుడి మీది బాకాలు ఆ మాటను కాలవగట్టు దాకా మోసుకెళ్ళాయి.

సంఘపెద్ద లేచాడు. మందలిస్తాడేమో అనుకున్నాను. "చూడక్కర్లేదండి అయ్యగారూ. వాసన్ని బట్టి ఇంకో రెండు విజిళ్ళు రావాల. ఈలోగా మనం ముగింపు ప్రార్థన చేసేసుకుందాం" అన్నాడు.

ఆమేన్ అయ్యాక ఒక్కరూ చెప్పుల వైపు వెళ్ళలేదు. బావమరిది పులుసులో చెంబెడు నీళ్ళు పోశాడు, మా ఆవిడ ఇంకో ఎసరు పెట్టింది. శ్రమకాలమని మాంసం మానేసినవాళ్ళు కూడా పులుసు మాంసం కిందికి రాదని అక్కడికక్కడే తీర్మానించుకున్నారు. ముసలమ్మ మూలిగ జుర్రుకుంటూ, "ఏశావుని మరీ అంతలేసి మాటలనకుండా ఉండాల్సింది నాయనా. పాపం, ఆకలి మీదున్నాడు" అంది.

రాత్రి గిన్నెలు సర్దుతూ మా ఆవిడ అడిగింది: "ఏవండీ, వచ్చే శుక్రవారం దేనిమీద చెప్తారో ముందే చెప్పండి. కూర దాన్ని బట్టి చూసుకుంటాను."