తెలివికి టీసీ

ఇల్లు మారబోయే తల్లిదండ్రులకు ప్రజాప్రయోజనార్థం ఒక హెచ్చరిక. గాజు సామాన్లకు పాత బట్టలు చుట్టండి. పిల్లల టీకాల కార్డు చేతిసంచిలోనే పెట్టుకోండి. ఇలా చేస్తే అన్నీ కొత్తింటికి క్షేమంగా చేరతాయి. ఎంత జాగ్రత్తగా కట్టినా చేరనిది ఒక్కటే, పిల్లల తెలివి. అది పాత స్కూలు గేటు దగ్గరే ఆగిపోతుంది. ఊరికే అనడం లేదు, సొంత కూతురి మీద పరిశీలించి మరీ చెబుతున్నాను.

మా అమ్మాయి మూడో తరగతి. ఒక శుక్రవారం మధ్యాహ్నం దాకా తను అధికారికంగా గిఫ్టెడ్, అంటే ప్రతిభావంతురాలు. అలాంటి పిల్లలకు విడిగా పాఠాలు చెప్పే పాత స్కూలు గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లో సీటుంది, సీలు వేసిన కాగితముంది. సోమవారం పొద్దున కొత్త స్కూల్లో అడుగుపెట్టేసరికి మామూలు పిల్ల. మధ్యలో ఏం జరిగి ఉంటుందా అని బాగా ఆలోచించాను. శనివారం అట్టపెట్టెలు విప్పాం. ఆదివారం దానికి కాస్త జలుబు చేసింది. అంతకుమించి మేధస్సు హరించుకుపోయేంత ఘటన ఏదీ నా దృష్టికి రాలేదు.

ఆఫీసులో కూర్చున్నావిడ ఎంతో ఓర్పుగా చెప్పింది. "అక్కడి గిఫ్టెడ్ వేరు, ఇక్కడి గిఫ్టెడ్ వేరు సార్."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. కొన్నిచోట్ల దేశంలోని ఆ వయసు పిల్లలందరితో పోల్చి, పైనున్న రెండు మూడు శాతాన్ని గిఫ్టెడ్ అంటారు. ఇంకొన్నిచోట్ల ఆ స్కూలు పిల్లలనే ఒకరితో ఒకరిని పోల్చి, పైనుంచి ఐదో పదో శాతం తీసుకుంటారు. అంటే మేధావి కావడానికి మార్గాలు రెండు: తెలివి పెంచుకోవడం, లేదా ఇరుగుపొరుగును చూసి ఇల్లు తీసుకోవడం. రెండోదానికి ప్రాక్టీసు పుస్తకాలు కూడా అక్కర్లేదు. (స్కూలు వారీగా పోల్చడమే న్యాయమని నేనూ ఒప్పుకుంటాను. పుస్తకాలు, ట్యూషన్లు లేని పిల్లల్లో ఉన్న చురుకు ఆ పద్ధతిలోనే బయటపడుతుంది. కానీ సీటు పోయింది మా పిల్లకి. ఆ రోజు నాకు న్యాయంతో పనిలేకపోయింది.)

పాత స్కోరు చెల్లాలంటే అది రెండేళ్లలోపుదై ఉండాలి. వాళ్ల జాబితాలో ఉన్న టెస్టుదే అయి ఉండాలి. పైగా పాత స్కూలు నుంచి కొత్త స్కూలుకి నేరుగా రావాలి, మన చేత్తో పట్టుకెళ్తే తీసుకోరు. పాలవాడు దారిలో నీళ్లు కలుపుతాడని భయం. తండ్రి అయితే దారిలో తెలివి కలుపుతాడని అనుమానం. సరే, నేరుగానే తెప్పించాను. టెస్టు పేరు జాబితాలో లేదు. మళ్లీ రాయాలి. అందరూ రాసే టెస్టు ఏడాదికి ఒక్కసారే, అది మేం రాకముందే అయిపోయింది. బదిలీ మీద వచ్చిన పిల్లలకు వేరే గడువు, చేరిన ముప్పై రోజుల్లో ఫారం ఇవ్వాలి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఆ పరిమళానికి డెడ్‌లైన్ ఉంటుందని చెప్పినవాళ్లు లేరు.

ఫారంతోపాటు టీచరు రేటింగ్. "లోతైన ప్రశ్నలు వేస్తుందా? ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా." కొత్త టీచరుకు మా అమ్మాయితో పరిచయం తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో తను అడిగింది ఒకే ప్రశ్న, బాత్రూం ఎటు అని. అడిగిన క్షణంలో దానికి అంతకంటే లోతైన ప్రశ్న లేదు గాని, టీచరుకు ఆ విషయం ఎలా తెలుస్తుంది? "అరుదుగా" అన్న గడిలో టిక్కు పడింది. పాత టీచరును అడుగుదామంటే, ఆవిడ అభిప్రాయం పాత తెలివికి సంబంధించినదట.

తల్లిదండ్రుల ఫారంలో నేను అన్నిటికీ "ఎప్పుడూ" అనే పెట్టాను. "హాస్యప్రియత్వం ఉందా?" అని కూడా ఉంది. దానికి నవ్వకుండా అరపేజీ రాశాను. జోసెఫ్ రెంజుల్లి అనే విద్యావేత్త 1978లో ప్రతిభకు మూడు వలయాలు గీశాడు: సగటును మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పని వదలని పట్టుదల. ఆ చివరి రెండూ ఎనిమిదేళ్ల పిల్లలో వెతకడం శ్రమ. ఫారం నింపిన తండ్రిని చూస్తే అక్కడికక్కడే దొరుకుతాయి.

ఇక తర్ఫీదు. పసితనంలోనే సహజంగా ఉండే తెలివిని కొలిచే పరీక్ష కాబట్టి దానికి ఆరు వారాల కోచింగ్ తప్పదు. రాత్రి ఎనిమిదింటికి బల్ల దగ్గర కూర్చున్నాం. పుస్తకంలో నాలుగు బొమ్మలు: పిల్లి, కుక్క, చిలక, కుర్చీ. వీటిలో చేరనిది ఏది?

"చిలక" అంది.

"సరిగ్గా చూడమ్మా."

"చూశాను నాన్నా. మిగతా మూడింటికీ నాలుగు కాళ్లు."

నేను కుర్చీ వైపు చూశాను, పుస్తకం వెనక జవాబుల పేజీ చూశాను. కుర్చీ అనే ఉంది. లోపల్నుంచి మా ఆవిడ, "అదేం తప్పు చెప్పిందండీ?" అంది. తప్పని నేనూ అనలేదు. అయినా పిల్లను దగ్గరకు తీసుకుని, నా జీవితంలో ఇచ్చిన సలహాల్లోకెల్లా బాధ్యతాయుతమైనది ఇచ్చాను. "నీకేమనిపిస్తోందో పెట్టకు తల్లీ. వాళ్లకేమనిపిస్తుందో అది పెట్టు." ప్రతిభావంతుల తరగతికి పిల్లను సిద్ధం చేయడమంటే ఇదే.

ఆ తర్వాత కాగితం మడతలు. కాగితాన్ని ఒకసారి మడుస్తారు, మళ్లీ మడుస్తారు, చిల్లు పెడతారు. విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాలి. అన్నీ బొమ్మలే. "నిజం కాగితంతో చేసి చూద్దాం" అంది. "టెస్టులో కాగితం ఇవ్వరు, బుర్రలోనే మడవాలి" అని పేజీ తిప్పేశాను. ఆ రోజుకి ఇంకా ఇరవై రెండు ప్రశ్నలు బాకీ ఉన్నాయి మరి.

ఈ కొలతల సంగతి మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ బినే 1905లో పారిస్‌లో పరీక్ష తయారుచేసింది గిఫ్టెడ్ పిల్లల కోసం కాదు, చదువులో అదనపు సాయం కావలసిన పిల్లలెవరో కనిపెట్టడానికి. తెలివి మారని రాశి అనే మాటను ఆయన గట్టిగానే కాదన్నాడు. మనం సాయం సంగతి వదిలేసి పరీక్షను మాత్రం ఉంచుకున్నాం. తర్వాత 1921లో కాలిఫోర్నియాలో లూయిస్ టర్మన్ దాదాపు 1,500 మంది మేధావి పిల్లలను ఏరి, జీవితాంతం గమనించే అధ్యయనం మొదలుపెట్టాడు. కటాఫ్ అందక బయట మిగిలిన పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్ అని ఇద్దరున్నారు. ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఒకరికి 1956లో, ఇంకొకరికి 1968లో. లోపలికి తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఆ ఇద్దరి నాన్నలూ అప్పీలు ఫారం నింపినట్టు నేనెక్కడా చదవలేదు. పిల్లల భవిష్యత్తంటే అంత నిర్లక్ష్యం!

అందుచేత అధికారులకు నా ప్రతిపాదన. పిల్లకు టీసీ ఇచ్చినట్టే తెలివికీ వేరే టీసీ ఇవ్వాలి. "తెలివి: ఉన్నది. బయల్దేరిన తేదీ ఫలానా. నడవడిక సంతృప్తికరం. బకాయిలు లేవు." కింద హెడ్మాస్టరు సంతకం. కొత్త స్కూలువాళ్లు అందినట్టు రసీదు ఇవ్వాలి. దారిలో పోతే ఎవరిది బాధ్యతో అప్పుడు తేలుతుంది.

ప్రతిపాదన పంపేలోపే ఫలితం వచ్చింది. ఒకే రోజు రెండు ఉత్తరాలు. కొత్త స్కూలుది: తొంభై ఆరో పర్సంటైల్ (అంటే నూటికి తొంభై ఆరుగురి కంటే పైన), కావలసింది తొంభై ఏడు, విచారిస్తున్నాం. దాని కిందే చిన్న అక్షరాల్లో, ఏ స్కోరైనా కొన్ని పాయింట్లు అటూ ఇటూగా చూసుకోవాలని. అంటే కొలబద్ద వణుకుతోందని వాళ్లే చెబుతున్నారు, గీత మాత్రం వెంట్రుకవాసి కూడా జరగదు. రెండోది పాత స్కూలుది: వచ్చే ఏడాదికి కూడా మీ అమ్మాయి ప్రోగ్రామ్‌లో కొనసాగుతున్నందుకు అభినందనలు. అక్కడ వదిలేసి వచ్చిన తెలివి మా వెనక చక్కగా చదువుకుంటున్నట్టుంది.

"అక్కడికి వెళ్తే డ్రాయింగ్ పీరియడ్ పోతుందా?" అని అడిగింది అమ్మాయి. ఆ ప్రోగ్రామ్ పిల్లలను వారానికి రెండుసార్లు మామూలు క్లాసులోంచి పిలిచి తీసుకెళ్తారు, అది డ్రాయింగ్ టైములోనే. పోతుందన్నాను. "అయితే సరే" అని వెళ్లిపోయింది. ఏది సరో నాకు అర్థం కాలేదు.

నేను బల్ల మీద అప్పీలు ఫారం కోసం వెతుకుతున్నాను. అది కనిపించలేదు గాని, పక్కగదిలోంచి పంచింగ్ మెషీన్ చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే నేల మీద కూర్చుని ఉంది. చేతిలో రెండుసార్లు మడిచిన కాగితం, సందుల్లోంచి నా సంతకం తోక కనిపిస్తోంది.

"విప్పకు నాన్నా, ఆగు" అంది. కళ్లు మూసుకుని, "నాలుగు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని గాల్లో వేలితో చూపించింది.

విప్పాం. నాలుగే.