దీపం కొండెక్కింది

మన ఇళ్లలో దీపం ఆరిపోయిందని ఎవరూ అనరు. కొండెక్కిందంటారు. ఆరిన దీపాన్ని ఆరిందని చెప్పడానికి కూడా నోరు రాని జాతి మనది. సభ మొదలవ్వాలంటే ఎవరో పెద్దమనిషి దీపం వెలిగించాలి. కొత్త కోడలు అత్తవారింట్లో కుడికాలు పెట్టాక చేసే మొదటి పని దీపం పెట్టడమే. ఇలాంటి చోటికి, స్టీరింగు వెనక పది పన్నెండు దీపాలు అమర్చి, వీటిలో ఎర్రది ఏది వెలిగినా మీ కొంప మునిగినట్టే అని చెప్పే యంత్రాన్ని తెచ్చి అమ్మారు. మనోభావాలు దెబ్బతినడానికి ఇంతకన్నా చిన్న కారణాలు చాలిన సందర్భాలున్నాయి. అయినా దీని మీద ఒక్క వినతిపత్రం కూడా కలెక్టరేటుకు చేరినట్టు లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

నా అర్హతలు మనవి చేస్తాను. నా దగ్గర 2004 నాటి స్పోర్ట్స్ కారు ఒకటుంది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. మీట నొక్కితే కప్పు వెనక్కి మడుచుకుంటుంది. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దగ్గర కొన్నాను. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురంలో గుడ్డ కప్పు తడిసే భయమే లేదని ఆయన నచ్చజెప్పాడు. ఎండ సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. ఇప్పటికి కప్పు రెండుసార్లు తీశాను. మొదటిసారి బంధువులకు చూపించడానికి. రెండోసారి తీసింది మళ్లీ మూసుకోకపోతే, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు సప్తగిరి సర్కిల్ నుంచి ఇంటిదాకా నెత్తిన తువ్వాలు కప్పుకుని ఊరేగాను. “ఇద్దరు పట్టే కారు కొన్నారు, సరే. నెట్టడానికి నలుగురు కావాలి కదండీ, వాళ్లెక్కడ కూర్చుంటారు?” అని మా ఆవిడ అప్పుడే అడిగింది.

అమ్మేటప్పుడు ఆయన అన్న మాట ఒకటి గుర్తుంది. “నాలుగేళ్లలో ఈ మీటరులో ఒక్క వార్నింగ్ లైటు కూడా వెలగలేదు సార్.” అందులో అబద్ధం లేదని తర్వాత తేలింది.

దీపాలు నోరు మెదపకపోయినా శబ్దాలు ఆ లోటు రానివ్వలేదు. ఇక్కడ మన భాష గొప్పతనం ఒప్పుకోవాలి. ‘శబ్దం వస్తోంది’ అంటే షెడ్డులో మెకానిక్కు తల కూడా ఎత్తడు. కీచుమంటోందా, గరగరమంటోందా, టకటకమంటోందా, హోరుమంటోందా? ఉదయం స్టార్టు చేయగానే కీచుమని అరిచి ఊరుకుంటే బెల్టు వదులైందన్నమాట. బ్రేకు తొక్కినప్పుడే కీచుమంటే ప్యాడ్లు అరిగి, వాటికి బిగించిన చిన్న రేకు డిస్కును గీస్తోంది. ఆ రేకును అక్కడ పెట్టిందే అరవడానికి. అరుపు గరగరగా మారిందంటే ప్యాడ్లు పూర్తిగా పోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. స్టీరింగు మొత్తం తిప్పి మలుపు తిరిగితే టక్ టక్ మనేది యాక్సిల్ జాయింటు. వేగంతో పాటు పెరిగే హోరు చక్రం బేరింగుది. కుడికి తిరిగినప్పుడు ఆ హోరు హెచ్చితే పాపం ఎడమ చక్రానిది, ఎందుకంటే కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమకు ఒరుగుతుంది. తెల్లవారి చల్లని ఇంజన్‌లో రెండు నిమిషాలు టికటికమని, ఆయిల్ పైకెక్కాక సద్దుమణిగేవి ట్యాపెట్లు, అంటే ఇంజన్ కవాటాలను నెట్టే ముక్కలు. ఈ చివరిది గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది. బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగాల్లో పట్టికలు వేస్తారు. ఇంత నిక్కచ్చి శాస్త్రానికి మాత్రం అరపేజీ ఇవ్వరు.

శాస్త్రం ఇంత స్పష్టంగా ఉన్నా రోగనిర్ణయం ఓట్లతోనే జరుగుతుంది. టీ కొట్టు ముందు బానెట్టు ఎత్తండి, నిమిషంలో ఏడుగురు చేరతారు. ఒకరు పెట్రోలు కల్తీ అంటారు. ఆయన తలనొప్పికి కూడా అదే చెబుతారు. ఒకరు దిష్టి అంటారు. ఒకాయన తన బావమరిది కారుకు అచ్చం ఇదే శబ్దం వచ్చి అరవై వేలైందని చెప్పి, రోగమేమిటో మాత్రం చెప్పకుండా టీ తాగి వెళ్లిపోయాడు.

వీళ్లలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన మా పక్కింటి మామ వేరు. ఆయన మాట్లాడరు. చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదుముకుని కళ్లు మూసుకుంటారు. మొనను అంగుళం జరుపుతారు. మళ్లీ వింటారు. ఆ కాసేపూ గర్భగుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుంటాను. “లోపల బాగుంది అల్లుడూ. కింద రేకు వదులైంది” అన్నారు ఆ రోజు. సైలెన్సర్ వేడి పైకి తగలకుండా అడ్డం కట్టిన పలుచని రేకు, బోల్టు ఊడి వణుకుతోంది. ఇరవై రూపాయల క్లిప్పుతో నయమైంది. అరవై వేల పెద్దమనిషి ఆనాటి నుంచి నన్ను పలకరించడం లేదు.

కొత్త తరం చెవిని నమ్మదు. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి చేశారు, తర్వాత చాలా దేశాలకు పాకింది. దానికి స్కానర్ తగిలిస్తే పి0171 అని చూపిస్తుంది. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని అర్థం. ఎందుకో చెప్పదు. మన ఎండకు పగిలిన రబ్బరు గొట్టం పక్కదారిన గాలి పీలుస్తూ ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సార్ మీద దుమ్ము పేరుకుని ఉండవచ్చు, పెట్రోలు పంపు నీరసించి ఉండవచ్చు. జ్వరం 102 ఉందని థర్మామీటరు మార్చినట్టు, స్కానర్ ఏ సెన్సార్ పేరు పలికితే దాన్ని మార్చేసే కుర్రాళ్లున్నారు.

ఇక దీపాల మర్యాదలు. పసుపుది వెలిగితే ఈ వారంలో చూపించుకోవాలి, ఎరుపుది వెలిగితే ఉన్నచోటే ఆగాలి. ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం మిణుకు మిణుకుమంటే మాత్రం వారం ఆగకూడదు. ఇంజన్ మిస్సింగ్ కొడుతోందని, కాలని పెట్రోలు వెళ్లి పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌ను మాడ్చేస్తోందని దాని భావం. అన్నిటిలో పెద్దముత్తైదువ ఆయిల్ దీపం. చూడటానికీ దీపమే, మూతి నుంచి చుక్క రాలుతూ ఉంటుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఈ దీపం వెలిగాక చక్కబెట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అది ఆయిల్ మట్టాన్ని చూడదు, ఒత్తిడిని చూస్తుంది. ఒత్తిడి పడిపోయిందని అది చెప్పేసరికి లోపల బేరింగులు పొడిగా రాసుకోవడం మొదలవుతుంది.

మా కాలనీలో కొత్త ఇల్లు కట్టిన ప్రతి ఒక్కరూ మిగిలిన సిమెంటుతో ఇంటి ముందు ఒక స్పీడ్ బ్రేకర్ పోస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున వాలుగా లేచి 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మావాళ్లు ఎత్తు ఇంకాస్త కలిపి, వెడల్పు జానెడుకు కుదించారు. నా కారు పొట్టకూ నేలకూ మధ్య ఉన్నది 13 సెంటీమీటర్లు. రోజూ గీరుకుని గీరుకుని ఇంజన్ కింది ఆయిల్ చాంబరుకు వెంట్రుకవాసి పగులు పడింది. రాత్రంతా కారిన చుక్కలను ఇంటి ముందరి ఎర్రమట్టి తాగేసింది. బోర్లు వేసిన రైతులను అడగండి, ఈ నేల మింగినదానికి రసీదు ఇవ్వదు.

కారుకు పూజ చేయిద్దామని కసాపురం ఆంజనేయస్వామి గుడికి బయల్దేరాం. పామిడి దగ్గర పెన్న వంతెన మీదికి వచ్చేసరికి టికటిక మొదలైంది. వేడెక్కిన ఇంజన్‌లో రాకూడని టికటిక. వంతెన దాటి ఆపి, ఆయిల్ కొలిచే కడ్డీ తీశాను. తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాను. మా ఆవిడ కడ్డీ వంక చూసి, వంతెన కింది ఇసుక వంక చూసి, “రెండూ ఒకలాగే ఉన్నాయండీ” అంది. మీటరులో మాత్రం ఒక్క దీపం లేదు. అంతా సుభిక్షం.

షెడ్డులో మెకానిక్కు చాంబర్ సంగతి తర్వాత చూద్దామని ముందు తాళం సగం తిప్పాడు. ఇంజన్ కదలకముందు దీపాలన్నీ ఒక్కసారి వెలిగి హాజరు పలకాలి, ఆ తర్వాతే ఆరాలి. మా మీటరులో ఇద్దరు పలకలేదు, ఆయిల్ దీపం, ఇంజన్ దీపం. కొన్న రోజు నేను చూసి ఉంటే తెలిసేది. ఆ రోజు నేను కప్పు మడుచుకోవడం చూస్తున్నాను.

మీటరు విప్పితే ఆ రెండింటి మీదా నల్లని ఇన్సులేషన్ టేపు. గోటితో లేపితే దాని కింద మరో టేపు, అంచులు గట్టిపడి, జిగురు ముదురు పాకంలా సాగుతోంది. పాతది ముడుచుకుపోయి వెలుతురు బయటికి చిమ్మినట్టుంది, తర్వాతి యజమాని దాని మీద కొత్తది వేశాడు. రెండు తరాల దీక్ష. నాకు కోపం రాలేదు. కరువు మండలాల జాబితా కురచ చేస్తే కరువు తగ్గిందని సంబరపడగలిగిన మనం, పది రూపాయల టేపుతో ఇంజన్‌కు ఆరోగ్యం ప్రసాదించినవాళ్లను తప్పుపట్టగలమా?

చాంబర్ మార్చాడు, ఆయిల్ పోశాడు. పెన్న ఒడ్డున వెంటనే ఆపడం వల్ల ఇంజన్ బతికిందన్నాడు. టేపు తీయగానే ఇంజన్ దీపం పసుపు పచ్చగా వెలిగింది. పి0420. కన్వర్టర్ పని అయిపోయింది. కొత్తదాని ధర విన్నాక, కారుకు నేను పెట్టిన డబ్బులో అది మూడో వంతని లెక్క తేలాక, ఆ టేపు చుట్ట ఇంకా ఉందా అని అడిగాను. “ఉంది సార్” అన్నాడు మెకానిక్కు, ఏమీ ఎరగనట్టు.

ఆయిల్ దీపానికి అతికించలేదు. నేను మరీ అంత దుర్మార్గుణ్ణి కాను.

కారు అమ్మకానికి ఉంది. నా దగ్గరికి వచ్చాక మీటరులో ఒక్క దీపమూ వెలగలేదు, వారం క్రితం షెడ్డులో వెలిగిన ఆ రెండు నిమిషాలు తప్ప. చూడదలచినవారు దయచేసి ఉదయం పది దాటాక రండి. తాళం తిప్పే పని నేనే చూసుకుంటాను. మీరు వచ్చేసరికి ఒకసారి గుత్తి దాకా వెళ్లి వచ్చి ఉంటాను.