దండ ఎవరిదైనా కాదనని స్మారకానికి

ఫ్రాన్సులోని బెజియే పార్కులో కొలువైన జాఁ మూలాఁ స్మారకం గారికి,

ఇక్కడ క్షేమం. తమ క్షేమం వేరే అడగక్కర్లేదు. ఊరి ఖర్చుతో నిలబడ్డవారికి లోటేముంటుంది!

తమ ఉద్యోగం చూస్తే అసూయగా ఉంది. పెద్దమనుషులు కోట్లు తొడుక్కుని వస్తారు, దండ పెడతారు, తల వంచుతారు, ఫొటో కోసం మళ్ళీ ఎత్తుతారు. ఎవరొచ్చినా తమరు కాదనరు. ఎవరి పేరు మీద తమరు నిలబడ్డారో ఆ మూలాఁ, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఆక్రమణని ఎదిరించిన ఫ్రెంచి నాయకుడు. ఆయనకి పేరొచ్చిందే కాదన్నందుకు.

1940 జూన్ 17న షార్త్ర్‌లో జర్మన్లు ఆయన ముందు ఒక కాగితం పెట్టారు. ఫ్రెంచి సైన్యంలోని సెనెగల్ సిపాయిలు ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపారని అందులో రాసుంది. నిజానికి చంపింది బాంబులు. అక్కడి ప్రిఫెక్టుగా, అంటే మన కలెక్టరు లాంటి అధికారిగా, ఆయన ఒక్క సంతకం గీకితే చాలు, నింద నల్లవాళ్ళ మీద పడిపోతుంది. కొట్టారు. పెట్టలేదు. తెల్లారాక ఎక్కడ లొంగిపోతానోనని రాత్రి గాజుపెంకుతో గొంతు కోసుకున్నాడు. ఎలాగో బతికాడు. ఆ నవంబరులో, జర్మన్లకి తలొగ్గిన విషీ ప్రభుత్వం ఉద్యోగం ఊడబీకింది, అదీ సొంత దేశపు ప్రభుత్వమే.

ఇప్పుడు చెప్పండి. దేశానికి పట్టిన దరిద్రమంతా ఆఫ్రికావాళ్ళ వల్లేనని మైకులో ఊదరగొట్టే నాయకుడు రేపు దండ పట్టుకొస్తే ఏం చేస్తారు? వేయించుకుంటారు!

జర్మన్లని ఎదిరిస్తూనే ఒకరంటే ఒకరికి పడని ఉద్యమాల్నీ పార్టీల్నీ కార్మిక సంఘాల్నీ 1943 మే 27న ప్యారిస్‌లో ఒక్క గదిలో కూర్చోబెట్టిన మనిషాయన. నెల తిరక్కుండా లియోఁ నగరం పక్కనున్న కలుయిర్‌లో పట్టుబడ్డాడు. జులై 8న, జర్మనీకి తరలిస్తున్న రైల్లో ప్రాణం పోయింది. అన్నట్టు, రొమనాఁ అనే మారుపేరుతో కార్టూన్లు గీసేవాడు. తమ ఎదుట ముందు వరస కోసం తోసుకునేవాళ్ళని చూస్తే ఆయన చేతికి పెన్సిలు దొరక్కపోదు!

అందుకే ఒక విన్నపం. ఇకనుంచి దండ పుచ్చుకునే ముందు ఒక కాగితం ముందుకు తొయ్యండి. 'అలాంటి అబద్ధం నా ముందుకొస్తే నేనూ సంతకం పెట్టను' అని రాసి, కింద సంతకం అడగండి. పూలకొట్టువాడికి కాస్త బేరం తగ్గుతుందంతే.

ఇట్లు,
దండ తేని ఒక అభిమాని

తా.క.: ఆయన ప్రఖ్యాత ఫొటోలో మెడకున్న మఫ్లరు గొంతు గాయం కప్పడానికేనని చెబుతుంటారు. ఫొటో గాయానికి ముందుదే. తమ పార్కుకి కవుల పేరు పెట్టారు కాబట్టి, ఈ కల్పనని తమరైనా పెద్దమనసుతో క్షమించాలి.