రిడ్కర్ అన్నది ‘కూడా’, ఫార్వర్డ్ అంటున్నది ‘మాత్రమే’

“గుండెపోటుకు కొలెస్ట్రాల్ కారణం కాదు, ఇన్‌ఫ్లమేషన్ మాత్రమే కారణం. హార్వర్డ్ డాక్టర్ పాల్ రిడ్కర్ నిరూపించారు. స్టాటిన్ ఆపేయండి. పసుపు పాలు తాగండి. సీఆర్‌పీ టెస్టు చేయించుకోండి. మందుల కంపెనీలు ఈ నిజాన్ని దాస్తున్నాయి.”

ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులోకి నెలలో మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా బాబాయి. ఆయనకు నాలుగేళ్ల కిందట స్టెంట్ వేశారు. అందుకే ఇది రాస్తున్నాను. (ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒంట్లోపలి వాపు. అది ఎంతుందో రక్తపరీక్షలో చెప్పేది సీఆర్‌పీ. స్టాటిన్ అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర.)

రిడ్కర్ కల్పిత వ్యక్తి కాదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో కార్డియాలజిస్టు. ఆయన చేయించిన ట్రయల్స్‌లో, అంటే మనుషుల మీద మందుల పరీక్షల్లో, బాగా పేరొచ్చింది 2008 నాటి జూపిటర్. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 130 లోపే ఉండి, సీఆర్‌పీ మాత్రం 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర. మందు వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వగైరా అన్నీ కలిపి 44 శాతం తగ్గాయి. ఇంతకీ ఆ మందేమిటి? రోసువాస్టాటిన్. స్టాటిన్ ఆపేయమనడానికి వీళ్లకు దొరికింది ఈయన పేరేనా!

జూపిటర్‌లో ఎల్‌డీఎల్, సీఆర్‌పీ రెండూ పడిపోయాయి కాబట్టి దేనివల్ల ఎంత మేలు జరిగిందో తేలలేదు. అది తేల్చడానికే కాంటోస్ అనే ట్రయల్ చేశారు. గుండెపోటు వచ్చిపోయిన 10,061 మంది, మూడు నెలలకోసారి కనకినుమాబ్ ఇంజెక్షన్. ఇది కొలెస్ట్రాల్ జోలికి పోదు, ఇన్‌ఫ్లమేషన్ మాత్రమే తగ్గిస్తుంది. 2017లో ఫలితాలొచ్చాయి. ఎల్‌డీఎల్ కదల్లేదు, సీఆర్‌పీ బాగా తగ్గింది, 150 మిల్లీగ్రాముల డోసు తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినట్టున్నారు. ఆ రోగుల్లో పదింట తొమ్మిది మంది కొలెస్ట్రాల్ మందు వాడుతూనే ఉన్నారు. పైగా ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు.

అదే ఏడాది ఫోరియర్ అని ఇంకో ట్రయల్ వచ్చింది. స్టాటిన్ వాడుతున్న 27,564 మందిలో ఎవొలోక్యుమాబ్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే ఇంజెక్షన్‌తో ఎల్‌డీఎల్‌ను 92 నుంచి 30కి దించారు. సీఆర్‌పీ ఉన్నచోటే ఉంది. అక్కడ తగ్గిందీ 15 శాతమే. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించినా మేలే, కొలెస్ట్రాల్ తగ్గించినా మేలే.

ఇక కంపెనీలు దాచడం. జూపిటర్‌కు డబ్బు పెట్టింది ఆస్ట్రాజెనెకా, కాంటోస్‌కు నోవార్టిస్. దాచాలనుకున్నవాళ్లు కోట్లు పోసి ట్రయల్స్ చేయించరు కదా. సీఆర్‌పీ పరీక్షకు సంబంధించిన పేటెంట్లలో రిడ్కర్ పేరు కూడా ఉంది. ఎవరినో ఒకరిని అనుమానించాలనుకుంటే అక్కడ అనుమానించండి, కనీసం ఆధారమైనా ఉంటుంది.

టెస్టు సంగతి. బాబాయి తన రిపోర్టు ఫొటో గ్రూపులో పెట్టారు. సీఆర్‌పీ 38. ఇంటిల్లిపాదికీ టెన్షన్. తేదీ చూస్తే, చికున్‌గున్యా జ్వరం తగ్గిన మర్నాడు ఇచ్చిన రక్తం! జ్వరమొచ్చినా, పంటిలో చీము పట్టినా సీఆర్‌పీ పెరుగుతుంది. గుండె రిస్కు కోసం చేసే హెచ్ఎస్-సీఆర్‌పీలో (కొద్దిపాటి సీఆర్‌పీని కూడా పట్టే టెస్టు) 1 లోపుంటే తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయించుకోమంటారు.

పసుపు పాలు గుండెపోటును ఆపుతాయని చూపిన పెద్ద ట్రయల్ ఏదీ లేదు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌నే రిడ్కర్ 4,786 మంది మీద చూస్తే సీఆర్‌పీ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల నొప్పి) మాత్ర కోల్చిసిన్ 2019 ట్రయల్‌లో గుండెజబ్బు ముప్పును 23 శాతం తగ్గించింది, 2024లో ఇంకా పెద్ద ట్రయల్‌లో ఏమీ తగ్గించలేదు. ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గించేది’ అని రాసి ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని కాదు. కొన్నయితే హాని చేస్తాయి. గుండెపోట్లు పెరుగుతున్నాయని వయాక్స్ అనే నొప్పి మాత్రను 2004లో మార్కెట్ నుంచే తీసేశారు. బాబాయి మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌కూ ఆ ముప్పుంది. దాని గురించి ఫార్వర్డ్‌లో ఒక్క ముక్క లేదు.

ఆయన స్టాటిన్ ఆపి పదకొండు రోజులైందట. నిన్న డాక్టరుతో మాట్లాడించాం. పొద్దున పిన్ని ఫోన్ చేసి, “రాత్రి మాత్ర వేసుకున్నార్రా” అంది. పసుపు పాలు మాత్రం మానలేదట.